తాయెత్తు కట్టిన పిల్లి బతికింది! మరి చచ్చిన మూడింటి లెక్క?

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. రెండు నెలలు నిండేసరికి వాటికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పాలు ముట్టడం మానేశాయి. "ఎవరి దిష్టో తగిలింది" అంటూ పై అంతస్తు ఆవిడ ఎండుమిరపకాయలతో దిష్టి తీసి, ఎవరో స్వామి ఇచ్చిన తాయెత్తులు నాలుగింటికీ కట్టారు. నాలుగు రోజుల్లో మూడు చచ్చిపోయాయి. ఒకటి బతికింది. ఇప్పుడు అందరిదీ ఒకటే మాట: "చూశారా, తాయెత్తు మహిమ!"

నేను రక్షణ శాఖ లెక్కలు చూసి రిటైరైనవాణ్ణి. ఒక్క రసీదు చూపించి మూడు వోచర్లు దాచేస్తే మేము దాన్ని మహిమ అనలేదు, తప్పుడు లెక్క అన్నాం. నాలుగింటికీ కట్టింది అదే తాయెత్తు కదా? మరి మూడు చావులు ఎవరి ఖాతాలో రాయాలి?

మూడోది కొన ఊపిరితో ఉండగా పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్తే పరీక్ష చేసి పాన్‌ల్యుకోపీనియా అన్నారు. ఇది పార్వోవైరస్ వల్ల వచ్చే జబ్బు. పేగులనూ ఎముక మజ్జనూ దెబ్బతీస్తుంది, తెల్ల రక్తకణాలు పడిపోతాయి. ఈ వైరస్ మన చెప్పులకు అంటుకుని కూడా వస్తుంది, ఏడాది దాకా బయట నిలిచి ఉండగలదు. సెలైన్, యాంటీబయాటిక్స్ ఇచ్చి కొన్నిటిని కాపాడతారు. కొన్ని వాటంతటవే కోలుకుంటాయి. మా నాలుగోది ఆ కోవలోదే. అన్నిటికన్నా ముఖ్యం, దీనికి టీకా ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి నాలుగు నెలలు నిండేదాకా విడతలుగా వేస్తారు.

"మీ సైన్సు మాత్రం అన్నిటినీ బతికిస్తుందా?" అని అడుగుతారు. లేదు. కానీ లెక్క దాచదు. ఎఫ్ఐపీ అని పిల్లులకు కరోనావైరస్ వల్ల వచ్చే మరో జబ్బు ఉంది. ఒకప్పుడు అది వస్తే దాదాపు చావే. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో పీడర్సన్ బృందం జీఎస్-441524 అనే మందును 31 పిల్లులకు ఇచ్చి 2019లో ఫలితాలు ప్రచురించింది. 5 మొదట్లోనే పోయాయి. మరొకటి జబ్బు తిరగబెట్టి పోయింది. 25 నిలిచాయి. కూడి చూడండి, 31 వస్తుంది. పోయినవాటినీ వాళ్ళే రాశారు! ఏ స్వామి దగ్గరైనా ఇలాంటి పద్దు ఉందా?

ఆవిడ ఒక్కరినే తప్పుపడితే నా ఆడిటూ తప్పే. టీకా సంగతి నాకు తెలుసు. రోజూ ఆ పిల్లల పక్కనుంచే స్కూటర్ తీశాను. పాలు పోసి మురిసిపోయాను తప్ప టీకా వేయించలేదు. ఆవిడ తెలియక దిష్టి తీశారు. నేను తెలిసీ ఊరుకున్నాను. హేతువాదం నోటితో చెప్పడానికేనా?

బతికినదానికి మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయిస్తున్నాను, ఖర్చు నాదే. తాయెత్తు మహిమ అనే మిత్రులకు ఒకటే విన్నపం. ముందు చచ్చినవెన్నో చెప్పండి. బతికినదాని గురించి తర్వాత మాట్లాడుకుందాం.