పెళ్లిచూపుల నాడు టామీని దాచకండి

అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా? ఇంట్లో తను ముద్దుగా పెంచుకున్న కుక్క ఉందా? అయితే ఈ నాలుగు మాటలు మీకోసమే.

పెళ్లివారు వస్తున్నారనగానే చాలామంది కుక్కని బాత్‌రూమ్‌లో పెట్టి గడియ వేసేస్తారు. సరిగ్గా కాఫీలు అందించే వేళకి అది లోపల గోల మొదలుపెడుతుంది. వచ్చినవాళ్లు ఉలిక్కిపడతారు, మీరు మాట మారుస్తారు. ఎందుకొచ్చిన తంటా చెప్పండి? ఫొటో, జాతకం పంపినప్పుడే "మా ఇంట్లో కుక్క ఉందండీ, అమ్మాయికి అదంటే ప్రాణం" అని చెప్పేయండి. కొందరికి భయం, కొందరికి మడి, ఇంకొందరికి బొచ్చు పడక తుమ్ములు, ఆయాసం. అది వాళ్ల తప్పు కాదుగా!

ఆ రోజు పొద్దున్నే దాన్ని బాగా తిప్పి, కడుపునిండా పెట్టి, గొలుసు వేసి, అలవాటైన మనిషి దగ్గర ఉంచండి. ఏటా వేయించే రేబిస్ టీకా తప్పిపోలేదు కదా, చూసుకోండి.

అబ్బాయికి కుక్కలంటే ఇష్టం లేకపోయినా ఫరవాలేదు. కానీ "పెళ్లయ్యాక ఎక్కడైనా వదిలేయండి" అని తేలిగ్గా అనేస్తే మాత్రం ఒక్కసారి ఆలోచించండి. తిండీ నీళ్లూ లేక మాడేలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడాను.

అమ్మాయి అత్తారింటికి వెళ్లాక టామీ ఎవరి దగ్గర ఉండాలో ముహూర్తానికి ముందే తేల్చుకోండి. గుమ్మంలో ఎదురుచూసేది మీరొక్కరే కాదు మరి!