బొర్రాలో మిత్రునితో టీ

గత మాఘమాసంలో నేనూ, నా బాల్యమిత్రుడూ కిరండోల్ రైలులో బొర్రా వెళ్ళాము. గుహల మెట్లు దిగడం సులువుగానే సాగింది. ఎక్కేటప్పుడు మాత్రం మిత్రుడు నాలుగుచోట్ల ఆగి ఆయాసపడ్డాడు. కనురెప్ప క్రిందికి లాగి చూశాను. పాలిపోయి ఉన్నది.

"ఆసుపత్రిలో పాండురోగమన్నారు. ఆరు నెలలుగా ఇనుము మాత్రలు మింగుతున్నాను. రక్తం పెరగలేదోయ్" అన్నాడు.

వెలుపల దారి పొడవునా బొంగు చికెన్ పొగ. మేము శాకాహారులము కనుక ఒక చిన్న హోటలులో అన్నం, పప్పు తిన్నాము. చేయి కడుగుకొని రాగానే మిత్రుడు టీ చెప్పాడు. జేబులోని మాత్ర నోట వేసుకొని, ఆ టీతోనే మింగాడు! ఆరు నెలలుగా ఇదే అలవాటట. "నీకు చెబితే తిడతావని చెప్పలేదు" అన్నాడు.

ఆ మాట నాకు గ్రుచ్చుకొన్నది. మా గురువుగారి ఇంట టీ పొడి అడుగు పెట్టలేదు. నేనూ నలభై ఏళ్ళుగా రోగులతో "టీ విషం" అంటూ వచ్చాను. ఫలితం? వారు టీ మానలేదు, నాతో చెప్పడం మానివేశారు. ఎప్పుడు త్రాగుతున్నారో, దేనితో త్రాగుతున్నారో అడిగి ఉంటే ఎందరికి మేలు జరిగేదో!

చరక సుశ్రుతులు టీని ఎరుగరు. కాని కషాయరసాన్ని బాగా ఎరుగుదురు. వగరు పట్టి ఉంచుతుంది, ఎండిస్తుంది, మలబద్ధం చేస్తుంది, వాతాన్ని పెంచుతుంది. టీలోని ఆ వగరు పదార్థాలే ఆహారంలోని ఇనుముతో ముడిపడి, దానిని ప్రేగులకు అందనీయవు. 1983లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, భోజనంతోపాటు త్రాగిన కాఫీ వలన ఇనుము గ్రహణం 39 శాతం, టీ వలన 64 శాతం తగ్గినట్లు తేలింది. భోజనానికి గంట ముందు త్రాగిన కాఫీ వలన నష్టం కనబడలేదు. గంట తరువాత త్రాగినది మాత్రం భోజనంతో త్రాగినంత చెరుపూ చేసింది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకు కాఫీకి కూడా ఈ విషయంలో మినహాయింపు లేదు.

మన వైద్యంలో ఔషధం ఎంత ముఖ్యమో అనుపానమూ అంతే ముఖ్యం. లోహభస్మం చేరిన నవాయస చూర్ణాన్ని తేనె, నేతులతో ఇస్తాము. మండూర వటకాన్ని మజ్జిగతో ఇస్తాము. టీతో ఇచ్చిన వైద్యుడు లేడు. మాత్ర ఆసుపత్రిదైనంత మాత్రాన అనుపాన విచారణ అక్కరలేదా? ఇనుము మాత్రను నీటితోనో, నిమ్మరసంతోనో తీసుకోవాలి. ఈ కొండలలో దొరికే ఉసిరికాయ కూడా మంచిదే, దాని పులుపు ఇనుము వంటబట్టడానికి తోడ్పడుతుంది. టీ కావలసినవారు మాత్రకూ, భోజనానికీ రెండు గంటలు ఎడం పాటించాలి. అంతే కాని ఆసుపత్రి మాత్ర మానివేసి నావంటి వాని చూర్ణానికి పరుగెత్తడం సరికాదు.

ఇది నా మిత్రుడొక్కని సంగతి కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. చోడి అంబలి త్రాగి పనికి పోవలసిన పూట, ఒక టీ త్రాగి ఆకలి చంపుకొని పోయేవారిని నేను ఎందరినో చూశాను. గర్భిణులకు మాత్రలు పంచే ఆశా కార్యకర్తలు "టీతో వేసుకోవద్దమ్మా" అని ఒక్క మాట చేర్చితే ఖర్చేమున్నది?

మిత్రునికి మరొక మాట కూడా చెప్పాను. అరవై దాటిన పురుషునికి రక్తం తగ్గితే తప్పు టీ మీదకే నెట్టరాదు. కడుపులో పుండో, మొలలో, అంతకన్న పెద్దదో రక్తాన్ని కాజేస్తూ ఉండవచ్చు. ఆ పరీక్షలు చేయించుకోమని పట్టుబట్టాను. కొంత భయపడ్డాడు, తరువాత ఒప్పుకొన్నాడు.

"అయితే ఇక టీ లేనట్లేనా?" అన్నాడు దిగులుగా. భార్య పోయిన తరువాత అతనికి నలుగురితో మాట కలిపే చోటు వీధి చివరి టీ దుకాణమే. అది మానిపించడం నాకు న్యాయమనిపించలేదు.

మూడు గంటలు దాటిన తరువాత స్టేషను దారిలో మరొక దుకాణం దగ్గర కూర్చున్నాము. ఈసారి రెండు టీలు నేనే చెప్పాను. అల్లం వేయించాను, చక్కెర తగ్గించమన్నాను. మిత్రుడు నా కప్పువంక చూసి, "మీ గురువుగారు చూస్తున్నారోయ్" అన్నాడు.