ఊయెలకును నేలకును ఒక్కటే బరకము



క్రిందటి కార్తికమున వనభోజనమునకై బంధువుల మామిడితోటకు పోయి, ఆ రాత్రి అచ్చటనే నిద్రచేయ నిశ్చయించుకొంటిమి. ఆరుబయట పండుకొనవలెనని పిల్ల లిద్దరును నెలదినములనుండి వేధించుచుండిరి. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. నేలపై కూర్చున్నచో మరల లేచుటకు ఇద్దరి సాయము కావలయును. అందుచే ఆమెకొఱకు, ఈ దినములలో అంగళ్లలో హ్యామకను పేర అమ్ముచున్న నైలాను గుడ్డ ఊయెలను తోట గట్టున నున్న రెండు టేకు చెట్లకు కట్టితిమి. మామిడిచెట్లు ఒకదాని కొకటి 30 అడుగుల యెడమున నుండుటచే అవి యిందుకు పనికిరాలేదు. కుర్చీయెత్తున కట్టిన ఊయెలనుండి కాళ్లు నేల మోపి సులభముగా లేవవచ్చును. "ఈ వయసులో నాకు ఉయ్యాలేమిటే అమ్మాయీ" యని మొదట నవ్విన అత్తగారు దీపములు పెట్టిన కొంతసేపటికే అందులో హాయిగా నిద్రించిరి.

ధాన్యపు రాసులపై కప్పు నీలిరంగు బరకము నొకదానిని తోటకాపు నడిగి తెచ్చి ఊయెలపై కట్టితిమి. దాని ప్రక్కనే నేలపై పట్టా పఱచి పిల్లలకు చాపలు వేసితిమి. రెండవ జామున వాన పట్టుకొన్నది. బంగాళాఖాతమున వాయుగుండములు పుట్టు నెల యది యని యెఱిగియు నిర్లక్ష్యము చేసిన తప్పు మాదే. ఘడియ గడవక మునుపే పిల్లల చాపలు నీట తేలినవి. అత్తగారి వీపు తడిసినది. తెల్లవారువఱకును అందరమును మోటారు కొట్టములో గోనెలపై కూర్చుంటిమి. ఇంటికి వచ్చిన పిదప ఆమె, "వచ్చే ఏడు మీరు పోయిరండి. నేను ఇంటిపట్టున ఉంటాను" అనిరి. కోపముతో ననలేదు, అందుచేతనే ఆ మాట మా మనసున నాటుకొన్నది. ఏడాదికొకసారి మనుమలతో చెట్లక్రింద గడపు ఒక్క రాత్రి, బరకము చక్కగా లేని కారణమున ఆమెకు దక్కకుండ పోవలసినదేనా?

ఆ రాత్రి జరిగినదానిని తరువాత తీరికగా ఆలోచించి చూడగా, మూడు తప్పులు చేసితి మని తేలినది. అందు రెండు బరకమువి కావు, మావి.

మొదటిది కొలత. ఊయెల పొడవు 11 అడుగులు. దానిని బిగియలాగక వంపుగా కట్టినచో రెండు కొనల నడుమ రమారమి 9 అడుగు లుండును. బరకము పొడవును సరిగా 9 అడుగులే, వెడల్పు 6. వాన గుండునూలువలె నిట్టనిలువుగా పడునని మే మనుకొంటిమి కాబోలు! ఏటవాలుగా కొట్టు జల్లునకు ఊయెల కొనకు ఆవల ఒక్కొక్క ప్రక్కను అడుగైనను, అంతకు మించియైనను కప్పు సాగి యుండవలెను. అనగా పొడవు 11 అడుగులకు తగ్గరాదు. 12 ఉన్న మఱియు మేలు.

రెండవ తప్పు మమ్ము చాల దినములు తికమక పెట్టినది. నెత్తిపై కప్పుండగా, వీపు క్రింద గుడ్డ ఎట్లు తడిసినది? చెట్టు బోదెను జారిన నీరు ఊయెల త్రాటికి చేరి, త్రాటివెంట కప్పు క్రిందకు నడచి వచ్చి, గుడ్డలోనికి దిగినది. ఎంత మంచి బరకమైనను దీని నాపజాలదు. కప్పు లోపలి భాగమున, ఊయెలకు జానెడు ఇవతల, త్రాటికి ఒక పాతగుడ్డ పీలికను ముడివేసి క్రిందికి వ్రేలాడ విడిచినచో నీరు పీలికవెంట నేల రాలిపోవును. ఒక్క పీలిక!

మూడవది పిల్లల పట్టా. చాలినంత విశాలముగా నుండవలెనని దానిని బరకపు అంచునకు మూరెడు వెలుపలకు పఱచితిమి. మీరొక లెక్క కట్టి చూడుడు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల కప్పు వైశాల్యము ఇంచుమించు 11 చదరపు మీటర్లు. దానిపై ఒక్క సెంటీమీటరు వాన కురిసినచో 110 లీటర్ల నీరు, అనగా పదునైదు లీటర్ల బిందెలు ఏడింటికి పైగా, రెండంచులనుండి జారి పడును. మా కప్పు చిన్నదైనను దానికి తగిన నీ రదియు నిచ్చినది. ఆ నీరంతయు వెలుపలకు పొడుచుకొని వచ్చిన పట్టాపై పడి చాపల క్రిందకు చేరినది. నేలపట్టా కప్పుకంటె నలువైపుల జానెడు లోనికే యుండవలెను. పట్టా కొంచెము పెద్దదైనచో అంచులను క్రిందికి మడువవలెను. కోసి పాఱవేయ నక్కఱలేదు.

ఇక ఎంపిక. క్రొత్త బరకము కొనుటకు పోయినప్పుడు అంగడివారు మూడు తీరులవి చూపిరి. 10 అడుగుల చదరపుది. అంచులు లోనికి వంపుగా కత్తిరించిన ఆఱుమూలలది. 12కు 10 అడుగుల దీర్ఘచతురస్రము. చదరపుదానిని మూలనుండి మూలకు త్రాటిపై వేసినచో 14 అడుగుల పొడవు వచ్చునని, ఊయెలకు అదియే చాలునని చెప్పిరి. లెక్క నిజమే. కర్ణముపై చదరమునకు మొదటిదానికి రెట్టింపు వైశాల్యము వచ్చునని బౌధాయనుని శుల్బసూత్రములలో త్రాడు కొలతలతోనే చెప్పబడి యున్నది. చిన్ననాట తండ్రిగారు ఆ సూత్రమును పసుపు నూలుతో మాకు వేసి చూపిరి. అయినను, పొడవు పెరిగినచోట వెడల్పు తరుగును. ఊయెల కొనలయొద్దకు వచ్చుసరికి నడుమనుండి ప్రక్కకు కప్పు రెండున్నర అడుగులు మాత్రమే మిగులును. ఊయెలలో సుఖముగా పండుకొనువారు నిలువుగా పండుకొనరు. నడుము నిటారుగా నుండుటకై ఏటవాలుగా ఒరుగుదురు. తల ఒకవైపునకు, కాళ్లు వేఱొకవైపునకు పోవును. కప్పు సన్నగిలిన చోటనే అవి యుండును.

ఆఱుమూలలది ఊయెలకు మిక్కిలి చక్కనిది. తేలిక, వంపుగా కోసిన అంచు బిగియ నిలిచి గాలికి టపటపలాడదు. కాని దానిని నేలకు దించినప్పుడు పిల్లల తలలకు నీడ నీయవలసిన మూలలే కత్తెరపాలై యుండును. ఊయెల తప్ప మఱేమియు వలదనువారు దానినే కొనవచ్చును. మాకు రెండును కావలెను గనుక దీర్ఘచతురస్రమునే యెంచితిమి.

ఎందుచేత ననగా, దాని ఎత్తును మార్చవచ్చును. నడిమి త్రాటిని మూడున్నర అడుగుల యెత్తున కట్టి రెండంచులను నేలకు మేకులతో బిగించినచో 10 అడుగుల వెడల్పు గుడ్డ ఇంచుమించు 7 అడుగుల నేలను కప్పును. అందు ముగ్గురు చాపలు వేసికొనవచ్చును. అదే ఊయెలకై త్రాటిని అయిదున్నర అడుగుల కెత్తితిమా, అంచులు నేలకు రెండడుగుల పైన నిలుచును. పైనున్నవారికి బాధ లేదు. క్రింది పిల్లలపై మాత్రము జల్లు కొట్టును. రెండును ఒకే కప్పుక్రింద కావలెనన్న ఉపాయ మొకటి కలదు. త్రాటిని గుడ్డ కొనలకు కట్టక, గుడ్డ క్రిందుగా ఈ చెట్టునుండి ఆ చెట్టునకు లాగవలెను. అప్పుడు గుడ్డను దండెముపై చీరవలె ఎటు కావలెనన్న అటు జరుపవచ్చును. గాలి వచ్చువైపు ఆరున్నర అడుగులు, రెండవవైపు మూడున్నర అడుగులు ఉండునట్లు వేసినచో పొడవైన ప్రక్క నేలను తాకును. దాని యొడిలో మూడున్నర అడుగుల వెడల్పు చోటు దొరకును. పొడవు 12 అడుగులు గనుక పిల్ల లిద్దరిని ఒకరి కాళ్లవైపున నొకరిని పండుకొనబెట్టవచ్చును. ఒకరినొకరు తన్నుకొను బాధయు తప్పును.

ఇట్లు త్రిప్పి త్రిప్పి కట్టవలెనన్న పట్టులు ఎక్కువ కావలెను. మూలలకు నాలుగు, అంచుల నడుమ నాలుగు, ఈ ఎనిమిదియు లేనిదానిని ముట్టుకొనవలదు. పండ్రెండు, పదునాఱు ఉన్నవి మేలు. కుట్టిన నాడా పట్టులు చిరకాలము మన్నును. పలుచని రేకు కన్నములు గట్టిగాలికి గుడ్డను చీల్చుకొని ఊడి వచ్చును. పట్టు లేనిచోట కట్టవలసి వచ్చినప్పుడు నున్నని గులకరాతిని గుడ్డలో పెట్టి, దానిచుట్టు గుడ్డను కూడదీసి త్రాటితో బిగించిన చాలును.

గుడ్డ విషయమున మనము వెలకు లోబడుదుము. పొలములకు వాడు అల్లిక ప్లాస్టిక్కు బరకము చవుక. నీటి నాపుటలో దానికి వంక పెట్ట నక్కఱలేదు. చదరపు మీటరునకు 200 గ్రాములదైనచో 12కు 10 అడుగుల బరకము రెండు కిలోలకు మించి తూగును. బండిలో పోవువారికి అదియొక లెక్కలోనిది కాదు. కాని బిరుసు, గాలికి చప్పుడు చేయును, ఏళ్లు గడచిన కొలది ఎండకు పెళుసెక్కి పొరలు లేచును. నూలు కాన్వాసు క్రింద చల్లగా నుండును. కాని మిక్కిలి బరువు, తడి ఆఱక మడచిన బూజు పట్టును, వానలో లోపలినుండి తాకినచోట ఊట దిగును. మూటలో ఇముడు సన్నని పూతగుడ్డలలో నైలాను తడిసినప్పుడు సాగి వ్రేలాడును. నడిరేయి లేచి త్రాళ్లు బిగింపవలసి వచ్చును. పాలియెస్టరు అంతగా సాగదు. మే మదియే కొంటిమి. దానిపై 1500, 2000, 3000 మిల్లీమీటర్లని యేదో యొక అంకె వ్రాసి యుండును. అంత ఎత్తు నీరు పైన నిలిపినను లోనికి ఊరదని దాని భావము. సామాన్యమైన వానకు 1500 చాలును. ఇవి అన్నియు నిప్పు సోకిన కరగునట్టివో, కాలునట్టివో. కప్పుక్రింద దీపము గాని, పొయ్యి గాని వలదు.

కొనుటకు ముందు మేమొక పని చేసితిమి, మీకును చెప్పుచున్నాము. వాకిట ముగ్గుపిండితో 12కు 10 అడుగుల గీత గీసి, అందు ఊయెలపొడవున చీర పఱచి, పిల్లలను చాపలతో సహా పండుకొనబెట్టి చూచితిమి. ఇరుగుపొరుగువారు ఏమి పేరంటమని అడిగిరి! మా యింటివారు బడినుండి వచ్చి, గీత దాటిన పిల్లవాని కాలిని లోనికి జరిపి లోపలికి పోయిరి. అయినను, అంగడిలో మడతలో నున్న గుడ్డను చూచి తెలియని సంగతి ముగ్గులో తెలిసినది.

కొబ్బరిచెట్టు క్రిందను, ఎండుకొమ్మలున్న చెట్టు క్రిందను కట్టరాదు. ఇసుక వంకలలో దిగరాదు. వాన ఎగువను కురిసినను నీరు మన పడకలకు వచ్చును. ఉఱుము వినబడినచో ఏ బరకమును రక్ష కాదు; పక్కా యింటిలోనికో, మూసిన కారులోనికో పోవలయును.

మొన్న శ్రావణపు వానలో క్రొత్తదానిని పెరటిలో కట్టి, ఊయెల యుండవలసినచోట నులకమంచము వేసితిమి. అత్తగారు వచ్చి మంచముపై కూర్చుండి గడియసేపు పైకి చూచుచుండిరి. పిమ్మట, "అమ్మాయీ, ఇక్కడ చెమ్మ" యని వ్రేలు చూపిరి. నడిమి కుట్టునుండి చుక్క దిగుచున్నది. రెండు గుడ్డలు చేర్చి కుట్టినచోట సూది కన్నముల కన్నింటికి పూత పడలేదు. మేమైతే దానిని చూచి యుండము. ఎండ కాసిన దినమున ఆ కుట్టు పొడవునను సిలికాను బంక పూసితిమి. మా గుడ్డకు సిలికాను పూతయే గనుక అది పట్టినది. వేఱు పూత గలదానికి దానికి తగిన బంకయే కావలయును. ఆఱిన పిదప ఆమెయే బిందెడు నీరు పోయించి పరీక్షించిరి.

కార్తికమునకు వత్తునని ఇంకను అనలేదు. కాని నిన్న మధ్యాహ్నము వత్తులు చేయుచు, ఊయెలను క్రిందటిసారికంటె రెండంగుళములు ఎత్తుగా కట్టవలెనని చెప్పిరి.