ఎర తొట్టి: కాలువకు మన ఋణము

నాట్లు ముగిసి కాలువలు నిండుగ పారు దినములలో, పటమట మొదలుకొని పెనమలూరు వరకు బందరు కాలువ గట్టున గాలములు వేసికొని కూర్చుండు సోదరులను మన మందరము ఎరుగుదుము. వారి ప్రక్కన నొక బిందె, అందు ఎరకై తెచ్చిన పరిగెలు ఉండును. ప్రొద్దు వాలునప్పటికి వానిలో సగము వెల్లకిల పడును. మరునాడు మరల వల వేయుదురు. ఈ నష్టమును గూర్చియే నేడు వ్రాయదలచితిమి.

ఎరను ప్రాణముతో నిలుపుకొనలేనివాడు కాలువనుండి తనకు వలసినదానికి రెండింతలు తీసికొనుచున్నాడని మా అభిప్రాయము. పరిగెలని పట్టిన వానిలో బొచ్చె, శీలావతి పిల్లలును కలిసియుండును. అట్టి అంగుళపు పిల్లయే మంచి చెరువున నొక యేడు పెరిగిన కిలో వరకు తూగగలదు.

"ఎరకు తొట్టి యెందులకు? బిందె చాలదా?" యని కొందరందురు. చాలదు. చేప నీట కరగిన ప్రాణవాయువును పీల్చును. అది నీటి పై తట్టునుండి లోనికి దిగును. కావున లోతుకంటె వెడల్పు ముఖ్యము. 20 డిగ్రీల నీటిలో లీటరునకు రమారమి 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడగా, 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మాత్రమే ఇముడును. కొరమేను పైకి వచ్చి గాలి మ్రింగి బ్రతుకగలదు. పరిగెకు ఆ శక్తి లేదు.

మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గల తొట్టిని ఇటుక, సిమెంటులతో నీడపట్టున కట్టుకొనవలెను. అడుగు మేర నింపిన 170 లీటర్లు పట్టును. ఒక మూలకు వాలు ఇచ్చి, నీరు పోవుటకు బెజ్జము, దానికి బిరడా అమర్చవలెను. క్రొత్త సిమెంటునుండి సున్నపు సారము దిగును గనుక రెండు వారములు నీరు నింపుచు, పారబోయుచు నుండవలెను. రెండంగుళముల పిల్లలు నలుబదికి మించరాదు. దినమునకు మూడవ వంతు నీరు మార్చవలెను. చిటికెడు తవుడు చాలును. మిగిలిన మేత కుళ్ళి నీటిని చెరచును. పైన వల కప్పినచో పిల్లికిని కొంగకును అందవు. చిన్న గాలిపంపు పెట్టిన మరియు మేలు. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినను ఎరకు వాడరాదు.

మా తప్పును కూడ చెప్పవలెను. మొదటి తొట్టికి మేము కుళాయి నీటిని నేరుగ పట్టితిమి. తెల్లవారునప్పటికి ఒక్క చేపయు మిగులలేదు. క్రిములను చంపు క్లోరిను చేపలను కూడ చంపునని పదిమందికి చెప్పు మేమే ఆ మాట మరచితిమి. అట్టి నీటిని వెడల్పు పాత్రలో ఒక దినము ఎండకు నిలువనిచ్చి వాడవలెను.

ఇక రెండు కట్టుబాట్లు. మొదటిది, కొరమేనుకు కప్పను ఎరగా గ్రుచ్చు అలవాటు మానవలెను. కప్ప మన వరిచేనిలో పురుగులను తినుచు కూలి యడుగని పాలేరు. కప్ప కాళ్ళ యెగుమతిని మన ప్రభుత్వము 1987లో నిషేధించిన సంగతి మరువరాదు. రెండవది, మిగిలిన ఎరను తెచ్చిన నీటనే విడువవలెను; అంగడిలో కొన్నదానిని ఏ కాలువలోను విడువరాదు. 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్ట నాటినుండి, 1957లో ప్రకాశం బారేజి వచ్చిన పిదపను, ఈ కాలువ ఎందరి పొలములకో, చెరువులకో నీరిచ్చుచున్నది. నీరు పల్లమెరుగును, పటమటలో విడిచినది దిగువనున్న వాని చెరువు చేరును. 2000లో నిషేధింపబడిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ మన నీళ్ళలో నేటికిని కానవచ్చుట చాలిన హెచ్చరిక గాదా?

తొట్టి ఒక్కనికి భారమగుచో ఇద్దరు ముగ్గురు సభ్యులు కలిసి కట్టుకొనవచ్చును. ఖర్చు తగ్గును, ఒకరు ఊరలేని నాడు మరియొకరు నీరు మార్తురు. సహకారమనగా రుణము తెచ్చుకొనుట మాత్రమే కాదు. అందరిదైన నీటిని అందరమును కాపాడుకొనుట కూడ సహకారమే.