గుట్టలమీది గడ్డి



శ్రీమద్రామాయణమున సీతాదేవి యమునానదిని దాటి వనమున నడచునపుడు, తా నంతకుముందు చూడని ప్రతి చెట్టును, ప్రతి పొదను, పూచిన ప్రతి తీగెను చూపి, ఇదేమి, అదేమి యని రాముని నడుగుచు పోయినట్లు వాల్మీకి చెప్పెను. అయోధ్యాకాండమున నిది కొలది శ్లోకముల ముచ్చట. పురాణము చెప్పువారు దీనిని త్వరగా దాటిపోవుదురు. నాకు మాత్రము, స్త్రీలు కొండకోనలలో నెట్లు నడువవలయునో తెలుపుట కింతకంటె మంచి ఘట్టము కనబడదు. అడిగి తెలిసికొనుచు నడచిన నడక యది.

మన ప్రాంతమున నట్టి నడకకు తావులు కొదువ లేవు. 2016లో మూడు జిల్లాలకు ముఖ్యపట్టణములైన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పరిసరముల నెల్ల గుట్టలున్నవి. గాని యొకచోటి గుట్ట మఱియొకచోటి గుట్టవంటిది కాదు. జనగామవైపు మెట్టనేల, ఱాతిగుండ్లు, వాని సందులలో సీతాఫలపు పొదలు, మోకాలెత్తు గడ్డి. పాలకుర్తి గుట్టమీద సోమేశ్వరస్వామిని, లక్ష్మీనరసింహస్వామిని సేవించినవారు పైనుండి చుట్టు చూచినచో నా సీమ తీరు తెలియును. తూర్పునకు, మహబూబాబాదు దాటి, గూడూరు, బయ్యారముల వైపు పోయినకొలది చెట్టు చిక్కనగును. భూపాలపల్లి చేరునప్పటికి టేకు, మద్ది, తునికి, ఇప్ప కలిసి పెరిగిన యడవి యెదురగును.

ఈ నడకలలో రెండు విధములగు నేలలు మనకు తగులును. ఒకటి, వరుసలు తీర్చి నాటిన తోట. రెండవది, చెట్టు పలుచబడి గడ్డి పెరిగిన గుట్టమీది బయలు. మొదటిదానిని చూచి "ఎంత చక్కని యడవి!" యందురు. రెండవదానిని చూచి "ఉత్త బీడు" అని ముఖము త్రిప్పుకొందురు. ఈ రెండు మాటలును సరికావని నా యభిప్రాయము.

నాటిన తోటలను నేను నిందింపను. మన దేశమున టేకును వరుసలుగా నాటుట 1840 తరువాతి యేండ్లలో మలబారునందలి నిలంబూరున మొదలైనది. మన ఇండ్ల గడపలకు, తలుపులకు టేకు వలయును. ఆస్ట్రేలియానుండి వచ్చిన నీలగిరి చెట్టును, మన పల్లెలవారు జామాయిల్ అనుదానిని, కాగితపు గుజ్జుకొఱకు పెంచుదురు. కొట్టివేసినను మోడునుండి మరల చిగిర్చును గనుక నొకసారి నాటి పలుమాఱులు కోయవచ్చును. బిడ్డల నోటుపుస్తకములు గుట్టలుగా కొను మనము దానిని తప్పుపట్టుట యెట్లు? అయినను అది పైరు, అడవి కాదు. అట్టి తోటలో గడియసేపు నడచి చూడుడు. చెట్లన్నియు నొక యీడువి, ఒక జాతివి. పక్షుల కూత తక్కువ. క్రింద ఎండుటాకులు తప్ప వేఱేమియు లేదు.

ఒకమాఱు భూపాలపల్లివైపు మేమట్లు నడచుచుండగా, పుల్లలేరుకొను నొక వృద్ధురాలు కనబడెను. "అవ్వా, ఈ తోటలో నీ కేమైన దొరకునా?" యని యడిగితిని. ఆమె నవ్వి, "ఏముంటది బిడ్డా? గిండ్ల అన్నిటికి ఒకటే పేరు. పేర్లున్న చెట్లు గుట్టమీద ఉన్నయి, పో" అనెను. సీతాదేవి యీ తోటలో నడచియుండినచో రాముని నడుగవలసిన ప్రశ్న యొక్కటియే యని నాకు తోచినది.

ఆ యవ్వ చెప్పినట్లు గుట్ట యెక్కితిమి. పైన చెట్లు దూరదూరముగా నున్నవి. గాని ప్రతిది వేఱు. మోదుగ, రేల, తునికి, బలుసు, పరికి. వాని నడుమ గాలికి వంగుచున్న గడ్డి. కౌజుపిట్టలు కాళ్ళ దగ్గఱనుండియే బుఱ్ఱున లేచినవి. ఆ గడ్డి మేకలకు, గొఱ్ఱెలకు మేత, పూరిండ్లకు కప్పు. జనగామ ప్రాంతపు గొల్లకురుమల గొఱ్ఱెలు, వారి గొంగళ్ళు, ఇట్టి బయళ్ళ నాశ్రయించియే నిలిచినవి. తునికాకు వేసవిలో కోయుదురు. కట్టకు 50 ఆకుల చొప్పున కట్టలు కట్టుదురు. ఈ పని చాలవఱకు స్త్రీలదే; ఆ సొమ్మే వారికి వానకాలము ముందరి ఖర్చులకు ఆధారము.

ఇంత యక్కఱకు వచ్చు నేలకు ప్రభుత్వపు లెక్కలలో దక్కిన పేరు వేఱు. 2000 సంవత్సరమున మొదట ప్రకటించిన బంజరుభూముల పటములలో పొదలు పెరిగిన నేలలు, క్షీణించిన మేతనేలలు బంజరుల లెక్కలోనే చేరినవి. బంజరన్న పేరు పడినదానిపై చెట్లు నాటుట పుణ్యకార్యమువలె తోచును. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ఆకు, తేనె, వెదురు మొదలగువాని నేరుకొను హక్కును అడవి నాశ్రయించినవారి కిచ్చినది. ఏరుకొనదగిన మొక్కయే లేనిచోట నా హక్కుతో నా యవ్వ యేమి చేసికొనును?

నీటి సంగతియు నున్నది. టేకాకు పెద్దది; దానినుండి జారు చినుకు లావుది. క్రింద గడ్డి లేనిచో నా చినుకు దెబ్బకు మన్ను కదలి చెఱువునకు చేరును. బయ్యారపు చెఱువును గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించినట్లు శాసనము గలదు. అది మన యాడుబిడ్డ చేసిన పని. అట్టి చెఱువులు నేటివఱకు పూడిపోకుండుటకు చుట్టునున్న గుట్టల పచ్చదనము కూడ నొక కారణము.

చూడదలచినవారు భూపాలపల్లి జిల్లాలో రేగొండ సమీపముననున్న పాండవులగుట్టకు పోవుడు. హిమాలయములకంటె ప్రాచీనములగు నిసుకఱాతి కొండలవి. వాని చఱియలక్రింద ఆదిమానవులు వ్రాసిన బొమ్మలను 1990లో గుర్తించిరి. ఎఱుపు, ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగులలో అడవిదున్నలు, లేళ్ళు, పులులు నున్నవి. దున్నయు లేడియు మేయునది గడ్డియే కదా. ఆ నేలపై గడ్డి నిన్న మొన్న మొలచినది కాదని చెప్పుట కంతకంటె సాక్ష్య మేల? ఆ బొమ్మలను చేతితో తాకవలదు. రంగు తేలునని నీళ్ళు చల్లవలదు.

నడకకు కార్తికమునుండి పుష్యమువఱకు మంచి కాలము. మాఘము దాటినచో గడ్డి యెండి నిప్పురవ్వకు కాచుకొనియుండును, అగ్గిపెట్టె తీసికొనిపోకుడు. తేనెపట్టులున్న బండలక్రింద పొగ పెట్టరాదు, పరిమళతైలములు రాచుకొనిపోరాదు. గోదావరి దాటి పెద్దపులులు అప్పుడప్పుడు వచ్చుచుండును గనుక, అటవీశాఖవారి నడిగి, నలుగురైదుగురు కలిసి, వెలుతురుండగనే తిరిగి రావలయును. కాళ్ళకు గట్టి చెప్పులు, చేత కఱ్ఱ, తలకొక చెంబెడు నీళ్ళు. కుచ్చెళ్ళు చీలమండకు పైగా దోపుకొనుడు. ఐనను వినాయకచవితి పత్రిలో మన మెఱిగిన యుత్తరేణి గింజలు అంచులనిండ పట్టుకొనును. వానిని పెరటిలో దులుపకుడు, మఱుసటి యేడు పెరడెల్ల నదియే. కూర్చుండి యొక్కొక్కటిగా తీసి పొయ్యిలో వేయుడు.