ఒంటరిగా ఉంటే మిడత... ఒరుసుకుంటే దండు!

పంటల మీద పడే మిడతల దండుది వేరే జాతి అనుకుంటారు చాలామంది. కాదు. ఎవరి జోలికీ పోకుండా ఎడారిలో బతికే మామూలు మిడతే రాకాసిగా మారుతుంది. దాన్ని అలా మార్చేది... ఇరుకు!

ఎడారి మిడతకు ఒంటరితనమే ఇష్టం. తోటి మిడత కనిపిస్తే తప్పుకుపోతుంది. వాన పడితే తడి ఇసుకలో గుడ్లు పెడుతుంది. పచ్చిక ఉన్నంతకాలం పిల్లలకూ కొరత ఉండదు. అది ఎండిపోతేనే చిక్కంతా. మిగిలిన నాలుగు పొదల మీదికే అన్నీ చేరాలి. ఇష్టం లేకపోయినా ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరగాలి.

ఆ రాపిడే కొంప ముంచుతుంది. వెనక కాళ్లకు పదేపదే ఏదో ఒకటి తగులుతుంటే మిడత నాడీవ్యవస్థలో సెరటోనిన్ పెరుగుతుంది. మన మెదడులోనూ ఉండే రసాయనమే అది. రెండు గంటలు చాలు... అప్పటిదాకా తప్పించుకు తిరిగిన మిడత తోటివాటిని వెతుక్కుంటూ వెళ్తుంది. శాస్త్రవేత్తలు 2009లో ఈ గుట్టు విప్పారు. క్రమంగా రంగూ మారుతుంది. తల్లి గుంపులో ఉంటే పుట్టే పిల్లలకూ అదే బుద్ధి!

గుంపు కట్టాయి కదా అని వాటి మధ్య స్నేహమేం ఉండదు. రెక్కలు రాని పిల్లలు బారులు తీరి నడుస్తూనే ఉంటాయి. ఆగితే వెనకున్నది కొరికేస్తుంది మరి. రెక్కలొచ్చాక రోజుకు 150 కిలోమీటర్ల దాకా ఎగురుతాయి. చదరపు కిలోమీటరు దండులో 4 కోట్ల నుంచి 8 కోట్ల మిడతలుండొచ్చు. 35 వేలమందికి సరిపోయే తిండిని అవి ఒక్కరోజులో తినేస్తాయి.

2018లో రెండు తుపాన్లు అరేబియా ఎడారిని తడిపాయి. మనుషులు తిరగని ఆ ఇసుక దిబ్బల్లో మిడతలు తరం తరవాత తరం పెరిగిపోయాయి. తరవాతి రెండేళ్లలో ఆ విపత్తు ఇథియోపియా, సోమాలియా, కెన్యా పంటల్ని కాటేసింది. 2020లో దండ్లు రాజస్థాన్ దాటి మహారాష్ట్ర దాకా రావడంతో తెలంగాణ సరిహద్దు జిల్లాలూ అప్రమత్తం కావాల్సి వచ్చింది.

అందుకే నిపుణులు కాపు కాసేది పొలాల దగ్గర కాదు, వాన పడిన ఎడారిలో. పిల్లలు నేలమీద ఉండగా మందు చల్లితే అక్కడితో ఆగుతుంది. దండు గాల్లోకి లేచాక, పళ్లేలు మోగించే రైతు చేయగలిగింది ఒక్కటే... దాన్ని పక్కవాడి చేలోకి తోలడం.