పొద్దుగూకే వేళ ఒక పావుగంట

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1985 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి వేదికపై శాంతి గురించి మాట్లాడారు. మనిషి లోపలి హింస పోకుండా ఒప్పందాలతో యుద్ధాలు ఆగవన్నది ఆయన జీవితమంతా చెప్పిన మాట. ఆ మాట ఆచరణలో ఎలా ఉంటుందో ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఆయన స్థాపించిన రిషివ్యాలీ బడిలో చూడొచ్చు. పొద్దుగూకే వేళ పిల్లలంతా మాటలు మాని, బండరాళ్ల కొండల వెనక్కి దిగిపోయే సూర్యుణ్ణి చూస్తూ కూర్చుంటారు. దాన్ని ‘అస్తాచల్’ అంటారు. ఆటలు, జానపద నృత్యాలు, పక్షుల్ని గమనించడం కూడా అక్కడ చదువులో భాగమే. రాయలసీమ అనగానే కక్షలే గుర్తొచ్చేవారికి ఈ లోయ సంగతి ఎవరూ చెప్పకపోవడం మాకు బాధగా ఉంది. ఇది ఖరీదైన బడికే చెల్లే ముచ్చట కాదు. మన ప్రభుత్వ హాస్టళ్ల చుట్టూ కూడా కొండలున్నాయి, సాయంత్రాలున్నాయి. తిరుపతి, చిత్తూరు జిల్లాల అధికారులు ఈ ఏడాదే అలాంటి ఓ పావుగంట మౌనాన్ని హాస్టల్ పిల్లలకు ఇవ్వాలి.